నా కళ్ళబడకు

పన్నెండేళ్ళుగా మెట్టవ్వని నేను ఒక్కటే అడుగుతున్నా. నాకు ఉపదేశం ఎప్పుడిస్తావవ్వా అని. చెవిలో ఒక్క మంత్రం ఊదితే చాలు, ఇంకేం అక్కర్లేదు నాకు. అడిగినప్పుడల్లా ఆవిడది ఒకటే మాట.

"నీ చెవులు ఖాళీ లేవే పిచ్చమ్మా."

ఎందుకు ఖాళీ లేవో నాకూ తెలుసు. నాది అనుమానం బుర్ర. పిల్లి మూతి తుడుచుకుంటే ఎవరి పాలు తాగొచ్చిందోనని చూసే రకాన్ని. ఈ గువ్వలమెట్ట మీద అవ్వ నడిపే మఠంలో వంటిల్లు నాది. బియ్యం డబ్బాకి తాళం వేస్తాను, తాళంచెవి మొలలో దోపుకుంటాను. వచ్చేపోయే జనంలో నూటికి తొంభై మంది మంచివాళ్ళే కావచ్చు. మిగతా పదిమందికీ మొహాన రాసుంటుందా ఏంటి?

అట్లాంటి నా వంటింట్లోకి అవ్వ నాంచారిని తెచ్చి పెట్టింది.

ఆ పిల్ల వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. తల్లీకూతుళ్ళిద్దరూ ఎండలో మెట్లెక్కి వచ్చారు. పిల్లకి పద్దెనిమిదేళ్ళుంటాయి. తల్లి పేరు శేషమ్మ. చెంబెడు మజ్జిగ ఇస్తే ఆ తల్లి తను తాగకుండా కూతురి ముందు పట్టుకుంది. "తాగు తల్లీ" అంది.

పిల్ల తల్లి మొహంలోకి చూడలేదు. గొంతు వచ్చిన వైపు చెయ్యి చాపి తడుముకుంది. చెయ్యి తల్లి భుజానికి తగిలేసరికి నిప్పు తొక్కినట్టు వెనక్కి లాక్కుంది. తర్వాత అరుగు మీదికి పోతూ తల్లిని ఢీకొని, వెనక్కి తిరిగి చూడకుండా పోయింది.

నాకు ఒళ్ళు మండింది. "కళ్ళు నెత్తికెక్కాయా పిల్లా? కన్నతల్లిని తోసుకుంటూ పోతావా?"

ఆ పిల్ల నన్ను చూసింది. నా చుట్టూ చూసింది. మెల్లిగా అడిగింది, "ఎక్కడుందత్తా ఆమె?"

శేషమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

అవ్వ అరుగు మీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. ఇద్దర్నీ తన ముందు కూర్చోబెట్టుకుంది. నేను స్తంభం చాటున నిలబడ్డాను. వినడానికే నిలబడ్డాను, దాచుకోవడమెందుకు?

శేషమ్మ చెప్పింది. "మా అమ్మకి నాలుక మీద మినపగింజంత నల్లమచ్చ ఉండేదవ్వా. మచ్చనాలుక మనిషి ఏమంటే అదే జరుగుద్దని ఊళ్ళో అందరికీ భయం. మొన్న మాఘమాసంలో పోయింది. పన్నెండో రోజు పొద్దున లేచేసరికి అదే మచ్చ దీని నాలుక మీదుంది. నాకు రాలేదు. నన్ను దాటుకుని దీనికొచ్చింది."

"వస్తే?"

"మా అమ్మ కప్పుకునే బొంత ఉండేది. పోయినావిడ పక్కబట్టలు ఇంట్లో ఉంచకూడదు కదా, చాకలాళ్ళకి ఇచ్చేశాను. ఇది చిన్నప్పట్నించీ ఆ బొంతలోనే మా అమ్మ పక్కన పడుకుంది. అడక్కుండా ఇచ్చేశానని కోపం. అరిచింది."

"ఏమని?"

పిల్లే చెప్పింది, నేల చూస్తూ. "పో, ఇంక నా కళ్ళబడకు అన్నాను."

అవ్వ చింతపండు పక్కన పెట్టింది.

"అంతే అవ్వా. అన్న మాట నోట్లో ఉండగానే మనిషి లేదు. నాకు అందరూ కనబడతారు. ఆమె ఒక్కతే కనబడదు. గొంతు వినబడుద్ది. చెయ్యేస్తే తగులుద్ది. మనిషి మాత్రం ఉండదు."

"మరి కనబడు అని అనకపోయావా?"

"ఏడ్చుకుంటా వందసార్లు అన్నాను. కావాలని అంటే పని చెయ్యదవ్వా. నోరు జారితేనే."

నేను నమ్మలేదు. ఎందుకు నమ్ముతాను? తల్లి మీద కోపం తీరక నాటకమాడుతోంది అనుకున్నా. ఈ కాలం పిల్లలకి తల్లి కంటికి ఆనకపోవడానికి మచ్చలూ మంత్రాలూ కావాలా!

శేషమ్మ మూట విప్పింది. లోపల గుడ్డలో చుట్టిన ఇనుప కడ్డీ. "అమావాస్య లోపల దీని నాలుక్కి వాత పెట్టించి తీసుకురమ్మన్నారు ఊళ్ళో పెద్దలు. లేకపోతే వాళ్ళే పెడతారంట. వాళ్ళ చేతిలో కంటే నీ చేత్తో అయితే..."

పిల్ల కళ్ళు మూసుకుని నాలుక బయటపెట్టింది. నిజంగానే మచ్చ ఉంది. కాటుక చుక్క పెట్టినట్టు నల్లగా ఉంది.

అవ్వ కడ్డీని అటూ ఇటూ తిప్పి చూసింది. "పిచ్చమ్మా! పొయ్యి ఎగదోసుకోడానికి ఏం లేదని ఏడుస్తావుగా. ఇదిగో, తీసుకో."

నేను నోరు తెరుచుకుని చేతిలోకి తీసుకున్నా.

"అమావాస్య ఇంకా పదకొండు రోజులుంది. ఇద్దరూ ఇక్కడే ఉండండి" అంది అవ్వ. "పిల్ల నీకు వంటింట్లో సాయం చేస్తుంది."

నాకా! పన్నెండేళ్ళు చాకిరీ చేసినదానికి ఇవ్వడానికి మంత్రం లేదు గానీ, ఊరూ పేరూ తెలీని పిల్లని నా పొయ్యి ముందు కూర్చోబెట్టడానికి మాత్రం నిమిషం పట్టలేదు.

సరే, చూద్దాం అనుకున్నా. నా కంట్లో పడకుండా ఎన్నాళ్ళు నాటకమాడుతుంది?

మొదటి రోజే దొరికింది. నా పేరు పిచ్చమ్మ. పెద్దా చిన్నా అందరూ పిచ్చమ్మత్తా అంటారు. ఈ పిల్ల "పిచ్చత్తా" అంది. ఒకసారి నోరు తిరగలేదనుకున్నా. రెండోసారీ పిచ్చత్తే. మూడోసారి నేను అట్లకాడ చేతిలో పట్టుకునే అడిగాను.

"ఏమే, నా పేరు చివర అమ్మ ఏమైందే? ఎలకలు తిన్నాయా?"

ఆ పిల్ల తల వంచుకుంది గానీ మళ్ళీ పిచ్చత్తా అనే అంది.

అప్పట్నించీ చెవులు రిక్కించుకుని వినడం మొదలుపెట్టాను. కన్నతల్లిని 'ఆమె' అంటుంది. అమ్మమ్మని 'మా ముసలావిడ' అంటుంది. పెంచిన చెయ్యి కదా, అమ్మమ్మ అంటే అరిగిపోతుందా? ఒకరోజు కట్టెల్లో తేలు కనబడింది. ఎవరైనా అమ్మో అంటారు. ఇది "అబ్బో" అంది.

నాలుగో రోజు గంజి వారుస్తుంటే గిన్నె జారి దీని చేతి మీద పడింది. సలసలా కాగే గంజి. మణికట్టు దాకా ఎర్రగా పొంగింది. పళ్ళ కింద పెదవి నొక్కిపెట్టి, "అబ్బా" అని ఊరుకుంది.

నేను చల్లనీళ్ళు పోశాను, వెన్న రాశాను. కానీ మనసులో మాత్రం చెడ్డ అనుమానం పడిపోయింది. కాలితే అమ్మా అనని పిల్లని నా ఆయుష్షులో చూళ్ళేదు. ఇది మనిషేనా?

అవతల శేషమ్మ పొద్దున్నే మెట్లు ఊడుస్తుంది. అన్నాల వేళకి వచ్చి కూతురి పక్కన కూర్చుంటుంది. కూతురు ఎదురుగోడ చూస్తూ తింటుంటే ఆ మొహమే చూస్తూ కూర్చుంటుంది. తన విస్తట్లో మెతుకు కదలదు. తల దువ్వుకోవడం మానేసింది. జుట్టంతా పిచ్చిక గూడు. "దువ్వెన ఇస్తాను, దువ్వుకో శేషమ్మా" అంటే, "ఎవరు చూస్తారని పిచ్చమ్మగారూ" అంది.

ఆరో రోజు బియ్యం సంగతి జరిగింది.

పొద్దున డబ్బా తెరిస్తే అడుగున గుప్పెడున్నాయి. మళ్ళీ తాళం వేశాను. "పోయి అవ్వతో బియ్యం అయిపోయినాయని చెప్పిరా" అన్నాను నాంచారితో.

ఆ పిల్ల గుమ్మంలో నిలబడి కేకేసింది. "అవ్వా, బియ్యం నిండుకున్నాయి!"

ఇళ్ళల్లో అనే మాటే కదా. అయిపోయినాయి అంటే అశుభమని నిండుకున్నాయి అంటారు. అవ్వ అక్కణ్ణించే, "ఇంకోసారి చూసుకోవే పిచ్చమ్మా" అంది.

"చూశానవ్వా, ఇప్పుడేగా!" అంటూ విసురుగా తాళం తీశాను. మూత ఎత్తాను.

డబ్బా నిండా బియ్యం. మూతకి తగిలేదాకా ఉన్నాయి. మూత ఎత్తిన అదురుకి నాలుగు గింజలు జారి నా కాళ్ళ మీద పడ్డాయి.

తాళంచెవి నా మొలలోనే ఉంది. ఎవరూ లోపలికి రాలేదు. తగ్గితే దొంగతనం అనొచ్చు. పెరిగితే ఏమనాలి? ఎవరి మీద పడి ఏడవాలి? ఆ రోజంతా మెట్ట దిగి కింది ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగాను, ఎవరి గాదెలోనైనా బియ్యం మాయమయ్యాయేమో కనుక్కుందామని. ఎవరివీ పోలేదు. అందరూ నన్నే అనుమానంగా చూశారు.

నాంచారి మాత్రం ఆ డబ్బా వైపు చూసి వెనక్కి తగ్గింది. అప్పట్నించీ నోట్లో వేపపుల్ల పెట్టుకుని పని చేసేది, మాట బయటికి రాకుండా.

ఎనిమిదో రోజు సందెవేళ గాలి కొట్టింది. దేవుడి గద్దె ముందు దీపం ఆరిపోయింది. ఈ పిల్ల గబగబా వచ్చి, పుల్ల నోట్లోంచి తీసి, "అయ్యో, దీపం కొండెక్కిందత్తా!" అంది.

అనేసి నోరు మూసుకుంది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

ఎదురుగా నల్లకొండ ఉంది. మేకలు కూడా ఎక్కని కొండ. దాని నెత్తిన, మబ్బుకి కింద, చిన్నగా, పచ్చగా, వత్తంత వెలుగు.

తిన్నగా అవ్వ దగ్గరికి పోయాను.

"అవ్వా, దాన్ని పంపించెయ్యి. ఇవాళ దీపమంది, రేపు ఇంకేదో అంటుంది. మన నోళ్ళల్లో ఏమేం మాటలున్నాయో నీకు తెలీదా? నీ మొహం మండ అంటాం, నీ దుంప తెగ అంటాం, చచ్చాన్రా బాబూ అంటాం. ఒక్కటి జారిందంటే మఠంలో పీనుగు లేస్తుంది. పైగా రాతిగుండె. చెయ్యి కాలినా అమ్మా అనదు. నా పేరులో అమ్మని కూడా కోసేసింది. దాని మనసులో ఏదో ఉంది, నా మాట విను."

అవ్వ అంతా విన్నది. "ఏదో ఉంది" అని మాత్రం ఒప్పుకుంది. "పిల్లని పిలువు."

పిలిచాను. నన్ను పొమ్మనలేదు కాబట్టి ఉన్నాను.

"మీ అమ్మమ్మ ఎట్లా మాట్లాడేదే?" అడిగింది అవ్వ.

నాంచారి పుల్ల తీసి చేతిలో పట్టుకుంది. "చాదస్తంగా మాట్లాడేదవ్వా. ఉప్పు లేదు అనేది కాదు, నిండుకుంది అనేది. ఎవరైనా బయల్దేరితే పోతున్నావా అంటే కొట్టేది, వెళ్ళొస్తా అనాలి అనేది. ఎంత కోపమొచ్చినా, నీ ఇల్లు బంగారంగానూ అని తిట్టేది. తిట్టడం కూడా రాదని నేను నవ్వేదాన్ని."

"ఎప్పుడూ నోరు జారలేదా ఆవిడ?"

"జారకుండా ఎట్లా ఉంటుంది? డెబ్భై ఏళ్ళు..." పిల్ల ఆగిపోయింది.

"ఊఁ" అంది అవ్వ. "జారినా చెడు జరక్కుండా ఉండే ఆ మాటలన్నీ మచ్చనాలుకవాళ్ళు కాక ఎవరు పుట్టించారనుకున్నావు?"

నాంచారి చేతిలో పుల్ల కిందపడింది. నాకు సగమే అర్థమైంది. కానీ మా అమ్మ కూడా నన్ను పోతున్నా అంటే కొట్టేదని గుర్తొచ్చింది.

"ఇంకోటి చెప్పు. చెయ్యి కాలితే అమ్మా అనలేదంట. ఎందుకు?"

పిల్ల కళ్ళనిండా నీళ్ళు. "భయమవ్వా. ఆ రోజు కనబడు కనబడు అని ఆమెని పిలిచి పిలిచి ఏడ్చానా, సాయంత్రానికి ఆమెకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. నా పిలుపుకే వచ్చిందేమో. ఒకసారి కళ్ళబడకుండా చేసింది ఈ నోరు. మళ్ళీ ఆ మాట ఎత్తితే ఏం చేస్తుందో! వినబడే గొంతు కూడా పోతే నాకింక ఏముంది? అందుకే ఆ అక్షరాలే నోట్లోకి రానివ్వను. మీ పేర్లల్లో ఉన్నా సరే, మింగేస్తాను."

నేను తల పక్కకి తిప్పుకున్నాను. పిచ్చత్త అంటే ఏదో అనుకున్నా. పాపిష్టిదాన్ని.

కానీ అనుమానం ఒక్క పూటలో వదిలే జబ్బా? రాత్రి పక్క మీద మళ్ళీ పట్టుకుంది. ఇదంతా కట్టుకథేమో, అవ్వని బుట్టలో వేసుకుని నాకంటే ముందు ఉపదేశం కొట్టేస్తుందేమో అనుకున్నా. అవును, అదే అనుకున్నా. ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

అమావాస్యకి ముందురోజు మధ్యాహ్నం, నాంచారి కట్టెలు తెచ్చి కుంటుకుంటూ వచ్చింది. నల్లతుమ్మ ముల్లు మడమలో దిగింది. ఎవరికీ చెప్పలేదు. అవ్వ చూసింది.

"ఇటు రా. కాలు పెట్టు."

పిల్ల మెట్టు మీద కూర్చుని, కాలు అవ్వ ఒళ్ళో పెట్టడానికి తటపటాయించింది. అవ్వే లాక్కుని పెట్టుకుంది. శేషమ్మ చీపురు పక్కన పడేసి పరుగున వచ్చి కూతురి పక్కనే చతికిలబడింది. పిల్లకి ఆవిడ కనబడదు గదా, పక్కన గాలి కదిలితే కొంచెం జరిగింది అంతే.

"పిన్నీసు ఇవ్వవే పిచ్చమ్మా."

గాజులకి పెట్టుకున్న పిన్నీసు తీసిచ్చాను. మరుసటి రోజు వాళ్ళ ఊరి పెద్దలు వస్తారని కబురొచ్చింది అప్పటికే. మఠంలో ఎవరికీ మనసు మనసులో లేదు. నాంచారి పళ్ళు బిగబట్టి, రెండు చేతులతో మెట్టు అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. నోరు జారకూడదు కదా.

అవ్వకి మాత్రం ఏం తొందర లేదు. పిన్నీసుతో మెల్లమెల్లగా తోడుతూ కబుర్లు మొదలుపెట్టింది.

"ఈ పిచ్చమ్మ మఠానికొచ్చిన కొత్తలో పాలు పోతున్నాయని ఒకటే గోల. పిల్లి మీద అనుమానం. ఒకరోజు చీకటి గదిలో ఏదో కదిలిందని దభీమని గంప బోర్లించింది. దాని మీద ఎక్కి కూర్చుంది. దొరికిందవ్వా దొంగ, రండి రండి అని కేకలు. పొద్దు వాలేదాకా దిగలేదు. అన్నం కూడా గంప మీదే తింది."

"ఇప్పుడెందుకవ్వా అవన్నీ!" అన్నాను నేను.

"చివరికి నలుగురం కర్రలు పట్టుకుని గంప ఎత్తితే ఏముందనుకున్నావు? దీని చెంబే. పిల్లి ఏదంటే, ఈవిడ వెనక నేల మీద పడ్డ చీరకొంగు మీద పడుకుని హాయిగా గుర్రు పెడుతోంది!"

నాంచారి పెదవులు అదిరాయి. ఆపుకుంది. నా మొహం చూసింది. నా మొహం అప్పుడెట్లా ఉందో గానీ, ఆ పిల్ల ఫక్కున నవ్వేసింది. వచ్చినప్పట్నించీ మొదటి నవ్వు. మెట్టు అంచుని పట్టుకున్న చేతులు వదిలేసి, పొట్ట పట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కోపంలోనే.

అప్పుడు చూశాను నేను. ముల్లు ఎప్పుడో వచ్చేసింది. అవ్వ ఎడమ అరచేతిలో ఉంది. కానీ కుడిచెయ్యి పిన్నీసు వదల్లేదు. ఆ పిల్ల నవ్వుతూ నవ్వుతూ ఉండగా కసుక్కున మడమలో పొడిచింది.

"అమ్మా!" అని కేక పెట్టింది నాంచారి.

"ఏం తల్లీ!" అంది శేషమ్మ పక్కనుంచి, కాలు పట్టుకుంటూ. కూతురు అరిస్తే ఏ తల్లికైనా అదే గదా వచ్చేది.

నవ్వు ఆగిపోయింది. నాంచారి రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. ఏం జరిగిపోయిందోనని భయం.

అవ్వ పిన్నీసు కొంగుకి తుడుచుకుంటోంది.

ఆ పిల్ల మెల్లిగా ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. పక్కకి తిరిగింది. గోడ వైపు కాదు, గాలి వైపు కాదు. తిన్నగా మొహంలోకి చూసింది. చూసి, చూసి, చెయ్యెత్తి ఆ చిక్కుజుట్టు మీద పెట్టింది.

"తలేంటే అమ్మా ఇట్లా చేసుకున్నావు?" అంది. "నూనె కూడా రాసుకోలేదా?"

శేషమ్మ కూతురి ఒళ్ళో తల పెట్టేసింది. నాంచారి ఏడుస్తూ ఆ జుట్టులో చిక్కు వేళ్ళతోనే విడదీయడం మొదలుపెట్టింది. విడదీస్తూ అమ్మా, అమ్మా అని ఊరికే అంటూనే ఉంది, దాచిపెట్టుకున్నవన్నీ ఒక్కసారే ఖర్చు పెడుతున్నట్టు.

నేను దువ్వెన తేవడానికని లోపలికి పోయాను. నిజానికి ఏడవడానికి పోయాను.

మర్నాడు ఊరి పెద్దలు ముగ్గురొచ్చారు. వచ్చేసరికి ఆ పిల్ల తల్లికి జడ వేసి పూలు పెడుతోంది. వాళ్ళల్లో పెద్దాయన, "మరి వాత?" అన్నాడు.

"కడ్డీ పొయ్యిలో ఉంది. వేడిగానే ఉంది" అంది అవ్వ. "ఎవరికి పెట్టాలో చెప్పండి. ఆడపిల్లని చూసి పీడ అని ఎవరి నోరు ముందు జారిందో వాళ్ళతో మొదలెడదాం."

వాళ్ళు మజ్జిగ తాగి దిగిపోయారు. వెళ్ళేటప్పుడు ముగ్గురూ నాంచారి వైపు చూసి, మా వైపు చూసి, ఎందుకైనా మంచిదని వెళ్ళొస్తాం వెళ్ళొస్తాం అని మరీ చెప్పారు.

తల్లీకూతుళ్ళు ఎండ తగ్గాక బయల్దేరారు. నాంచారి అవ్వ కాళ్ళకి దణ్ణం పెట్టింది.

"మరి ఈ మచ్చ అవ్వా?"

"ఉండనీ. మీ అమ్మమ్మకి ఉండలా?"

నా దగ్గరికొచ్చింది. నేను మామూలుగా ఉండాలని, "ఇంక నా డబ్బా జోలికి రాకు" అన్నాను. ఆ పిల్ల నవ్వి, "నీ ఇల్లు బంగారంగానూ" అంది.

నేను తలెత్తి వంటింటి కప్పు చూశాను. తాటాకు తాటాకుగానే ఉంది. కావాలని అంది గదా, జారలేదు. అయినా చూశాను, నా బుద్ధి పోనిచ్చుకోలేదు.

ఇద్దరూ మెట్లు దిగుతున్నారు. ముందు తల్లి, వెనక కూతురు. కూతురు కళ్ళు తల్లి జడ మీదే ఉన్నాయి, ఎక్కడ తప్పిపోతుందో అన్నట్టు. మలుపు దగ్గర ఏదో గుర్తొచ్చి గిరుక్కున వెనక్కి తిరిగి, గొంతు చించుకుని అరిచింది.

"వెళ్ళొస్తాం పిచ్చమ్మత్తా!"

నేను చెయ్యి ఊపాను. వాళ్ళు మలుపు తిరిగాక కూడా ఊపుతూనే ఉన్నాను.

అవ్వ అరుగు మీద మళ్ళీ చింతపండు ముందేసుకుంది. నేను పోయి పక్కన కూర్చున్నాను. పిక్కలు తీయడానికి చెయ్యేశాను. మామూలుగా అడిగేదే అడిగాను.

"పన్నెండేళ్ళయింది అవ్వా. నాకు మంత్రం ఎప్పుడు?"

అవ్వ తలెత్తలేదు. "ఆ పిల్ల ఇప్పుడు నిన్నేమని పిలిచింది?"

"పిచ్చమ్మత్తా అని."

"మరి? అది నీ చెవిలో పడలేదా?" అంది అవ్వ.

అని, పిక్కలు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను మిగిలిన పిక్కలు తీసేశాను. తర్వాత లేచి పొయ్యి ముట్టించాను, బియ్యం కొలిచి తీసుకున్నాను. ఆ పూట డబ్బాకి తాళం వెయ్యలేదు.